లంగరుకు కట్టిన ఎర్తు తీగ

అల్లూరు బజారులో సైకిలు షాపు పక్కన నాకొక రేకుల కొట్టు ఉండేది. మైకు సెట్టు అద్దెకిచ్చేవాణ్ణి. రేడియోలు బాగుచేసేవాణ్ణి. ఇది అరవైల మొదట్లో మాట. మావాళ్ళంతా సముద్రం మీద బతికేవాళ్ళు, నేనొక్కణ్ణే ఒడ్డెక్కి టంకం కడ్డీ పట్టుకున్నాను. ఎవరో పిలిచి చేతికిచ్చిన పని కాదది. నెల్లూరులో ఒక రేడియో షాపు ముందు ఊడ్చి, నీళ్ళు మోసి, యజమాని చేత చీవాట్లు తిని, ఆయన విప్పి పెట్టిన సెట్టును వెనక నిలబడి చూసి నేర్చుకున్నాను. వంచి వంచి మెడ అరిగిపోయింది. ఆ తర్వాత ఇక ఎవరి ముందూ వంగలేదు.

ఇప్పుడు చెప్పబోయేది విని కొందరు నవ్వుతారు. నవ్వనీ. ఆ రోజు సముద్రం ఒడ్డున మా పాళెంలో ఉన్నవాళ్ళు మాత్రం చచ్చేదాకా నవ్వలేదు.

ముందుగా మైకు పనిలో ఒక సంగతి చెప్పాలి. కొత్తగా మైకు పట్టిన ప్రతివాడూ తన గొంతు హారన్లో విని ఉలిక్కిపడతాడు. ఇది నాది కాదంటాడు. పక్కనున్నవాళ్ళు నీదేరా అన్నా నమ్మడు. తన గొంతు తనకు బయట నుంచి ఎట్లా ఉంటుందో మనిషికి తెలియదు. ఎందరినో చూసి నవ్వుకున్నాను నేను. ఆ నవ్వు ఇప్పుడు లేదు. ఎందుకు లేదో చివర్లో చెప్తాను.

ఆ మధ్యాహ్నం ముసురు పట్టింది. కొట్టు ముందు ఎద్దుబండి ఆగి, మా అక్క మస్తానమ్మ దిగింది. చంకలో పాత చీరలో చుట్టిన గిటారు ఉంది. వెనకే హెబ్రోను దిగాడు. బిట్రగుంట షెడ్డులో రైలింజన్లకు బొగ్గు వేసే పని వాడిది. మా బావ చిన్నపోలయ్యకు గిటారు నేర్పింది వాడే. చేపలమ్మడానికి బిట్రగుంట పోయినప్పుడల్లా మా బావ రైల్వేవాళ్ళ క్లబ్బు గోడకు ఆనుకుని పాటలు వినేవాడు. ఆ గోడ దగ్గరే ఇద్దరికీ స్నేహం కుదిరింది. ఒళ్ళో పడుకోబెట్టి, తీగల మీద ఇనప ముక్క జారుస్తూ వాయించే గిటారు అది. దాని శబ్దం మనిషి కూనిరాగం తీసినట్టుంటుంది. మిలిటరీ వేలంలో దొరికిన చెవిఫోను విప్పి, అందులోని అయస్కాంతాన్నీ తీగచుట్టనూ దాని తీగల కింద అమర్చింది నేనే.

అక్క బల్ల మీద గిటారు పెట్టి, తడిసిన కొంగు పిండుకుంది.

"ఒరే మాలకొండా, శుక్రవారం గంగమ్మ కొలుపు. ఆ రోజే నా గాజులు తీస్తారంట."

"ఎవురు చెప్పినారు?"

"ఎవురు చెప్తారు? జయరామయ్యే."

జయరామయ్య మా పాళేనికి కాపు. మాలో కులపెద్దను కాపు అంటారు. ఆయన దురాయి వేస్తే తిరుగులేదు. దురాయి అంటే కట్టుబాటు. దాన్ని కాదన్నవాళ్ళు వెలి. వాళ్ళకు నిప్పివ్వరు, నీళ్ళు తోడుకోనివ్వరు, వాళ్ళ గంపలో చేప వెయ్యరు. అట్లాంటి ఆడమనిషి ఆ ఇసకలో ఎండిపోవాల్సిందే.

బావ పోయింది ఎండాకాలంలో. జయరామయ్యా, బావా ఒకే పడవలో వేటకు పోయారు. తిరిగొచ్చింది జయరామయ్య ఒక్కడే. పెద్ద అల వచ్చిందనీ, లంగరు తాడు తెగిందనీ, చిన్నపోలయ్య నీళ్ళలో పడిపోయినాడనీ చెప్పాడు. శవం ఒడ్డుకు రాలేదు. ఆ చావు మాట ఇక ఎవరూ ఎత్తకూడదని ఆ వారమే దురాయి వేశాడు. శవం చూడకుండా గాజులు తియ్యనని అక్క అప్పటి నుంచీ మొండికేసింది.

"చూసినోడు ఒక్కడే" అంది అక్క. "ఆ ఒక్కడే కాపు. తీర్పు చెప్పేది గూడా ఆ ఒక్కడే. ఇంకెవుర్ని అడిగేదిరా నేను?"

"మరి నువ్వేమన్నావు?"

"ఒక్క కోరిక అడిగినా. ఆయన గిటారు పాళెమంతా మోగాల. సముద్రంలోకి వినపడాల. యాడన్నా బతికుంటే ఆ పాట విని రాకుండా ఉండడు. అప్పటికీ రాకపోతే గాజులు తీసిస్తానన్నా. సరేలే అన్నారు. నవ్వినారు గూడా. అదేదో పిల్లి మూలిగినట్టుంటది, ఎవురికి వినపడుతుందిలే అన్నారు."

"పిల్లి నయం గదక్కా" అన్నాడు హెబ్రోను. "పిల్లి మూలిగితే నాలుగిళ్ళకు వినపడుతుంది. మనోడి సెట్టుకు తగిలిస్తే ఇది దోమ."

వాడి మాట నిజం. నా సెట్టు రైల్వే వేలంలో కొన్నది. స్టేషన్ల మధ్య తీగల మీద నడిచే మాటను అందుకుని గట్టిగా అరవడానికి తయారైన సెట్టు. దానికుండే లైను సాకెట్టుకు ఆకలి ఎక్కువ, బలమైన సిగ్నలు పెడితేనే పలుకుతుంది. గిటారు చుట్టలో పుట్టేదేమో వెంట్రుకంత కరెంటు. రెంటినీ నేరుగా కలిపితే, నీరసంగా మూలుగుతున్న ముసలాడి వీపు మీద బస్తా ఎత్తి ఇప్పుడు పాడరా అన్నట్టుంటుంది. బరువుకు గొంతు పడిపోతుంది. హెబ్రోను ఎంత గట్టిగా మీటినా హారన్లో నుంచి గోనెసంచి కప్పినట్టు ఏదో గుసగుస తప్ప పాట రాలేదు.

అక్క ఆ గుసగుస విని తల పక్కకు తిప్పుకుంది. తన కన్నీళ్ళు నాకు చూపించదు. నాకు ఒళ్ళు మండింది. నా అక్క నిలబడి నోరెత్తితే ఆ పాళెంలో అట్లాగే బరువులు మోపి గొంతు నొక్కుతున్నారు. ఇక్కడ నా కొట్టులో, నా సెట్టు కూడా అదే పని చేస్తోంది.

"శుక్రవారానికి ఇది పలుకుతుందక్కా" అన్నాను. "నేను పలికిస్తా."

కొట్టు తలుపు వేసుకుని కూర్చున్నాను. బొగ్గుల్లో టంకం కడ్డీ కాలుతోంది, టంకం పొగ కంట్లో పడుతోంది. చిన్న రేకుపెట్టెలో ఒక వాల్వు కూర్చోబెట్టాను. ఆ వాల్వులో రెండు భాగాలుంటాయి. మొదటి భాగం సిగ్నలు పక్కన నిలబడి వింటుంది, అంతే. సిగ్నలు నుంచి ఏమీ లాక్కోదు, దాని మీద ఏ బరువూ పెట్టదు. విన్నదాన్ని కాస్త పెంచుతుంది. రెండో భాగం దాన్ని తన సొంత బలంతో లైను సాకెట్టులోకి తోస్తుంది. మంచంలో ఉన్నవాడి నోటి దగ్గర చెవి పెట్టి విని, బయటికొచ్చి బజారుకంతా చాటి చెప్పే మనిషి ఉంటాడే, అదీ ఆ పెట్టె పని.

గిటారు తగిలించాము. హెబ్రోను ఒక్క తీగ మీటాడు. పక్క సైకిలు షాపులో పంపు కొట్టేవాడు పంపు వదిలేసి వచ్చాడు.

"ఏందిది" అన్నాడు హెబ్రోను, మెల్లగా. "ఇన్నాళ్ళూ దీంట్లో ఇంత ఉండిందా?"

"ఉండింది. వినేటోడు లేడు."

అయితే ఆ పెట్టెతో ఒక చిక్కుంది. ఏమీ అడగని చెవికి అన్నీ వినపడతాయి. చెయ్యి దగ్గరికి తీసుకుపోతే గుయ్‌మనేది. బ్యాటరీ సెట్టు గొణుగుడంతా అందులోకొచ్చేది. పాట నిఖార్సుగా రావాలంటే మంచి ఎర్తు కావాలి. అంటే సెట్టు నుంచి ఒక రాగితీగ తీసుకుపోయి తడి నేలలో దిగిన ఇనుముకు కట్టాలి. సముద్రం ఒడ్డున తడికేం కొదవ అనుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం పాళెం చేరాము. మా పాళెం జువ్వలదిన్నెకు దక్షిణాన, సరుగుడు తోపు దాటితే వస్తుంది. మబ్బు దించేసినట్టు కిందికుంది. గాలి లేదు. గంగమ్మ పందిట్లో వేపాకు, కర్పూరం వాసన. బయట ఎండని వలల నీచు వాసన. సరుగుడు వాసానికి హారన్ కట్టి మూతి సముద్రం వైపు తిప్పాను. కింద బల్ల మీద సెట్టు, లారీ బ్యాటరీ, నా రేకుపెట్టె. ఎర్తు కడ్డీని దిబ్బ ఇసకలో దించి, పైన ఉప్పునీళ్ళు పోశాను. గొణుగుడు తగ్గలేదు. ఎంత పోసినా ఇసక తాగేస్తోంది.

అలలకు అంచునే, తడి ఇసకలో, ఒక లంగరు ఉంది.

బావ పోయిన కొన్నాళ్ళకు ఒడ్డు నుంచి లాగే అలివి వలలో అది చిక్కింది. జయరామయ్య పడవ లంగరే. సముద్రం తీసుకుని తిరిగిచ్చిన ఇనుము, ఎవరూ ముట్టుకోకూడదని దానికీ దురాయి వేశాడు. లాగిన చోటనే వదిలేశారు. తుప్పు పట్టి, సగం ఇసకలో పూడి, ఒక కొక్కెం పైకి చాచి పడుంది. అంతగా పూడాక నలుగురు పట్టందే లేవదు.

నేను రాగితీగ పట్టుకుని అటు నడుస్తుంటే పెద్దాయన కామాక్షయ్య అడ్డమొచ్చాడు. దురాయి చాటేది ఆయనే. నాకు వరసకు మామ.

"దాన్ని ముట్టుకోబాక రా అబ్బాయ్. దురాయి ఉండాది."

"దురాయి మనుషులకు గదా మామా. రాగితీగకు లేదే."

"నీకు ఒడ్డెక్కినాక నోరెక్కువైంది."

"ఒడ్డెక్కిందే దానికి మామా."

వంగి లంగరు రింగుకు తీగ చుట్టాను. ఇనుము చల్లగా ఉంది. ఎండలేని రోజే, అయినా అంత చల్లదనం ఉండకూడదు. రింగుకు ఇంకా పొడుగాటి తాడు ఉంది, ఇసకలో చుట్టలుగా పడి. దాని కొస చూశాను. తెగిన తాడు పీచు పీచుగా ఉంటుంది. ఈ కొస అరటిబోదె నరికినట్టు సమంగా ఉంది.

"మామా, తాడు తెగిందన్నారే. ఇది కోసిన తాడు."

కామాక్షయ్య సముద్రం వైపు చూశాడు. "వల లాగినోళ్ళు కోసుంటార్లే" అన్నాడు. ఆ మాట అంటూ నా ముఖం చూడలేదు.

తిరిగొచ్చి సెట్టు వేశాను. గొణుగుడు లేదు. గుయ్‌మనడం లేదు. హారన్లో అంత నిశ్శబ్దం నేను ఎప్పుడూ వినలేదు. మూతపెట్టిన బావిలోకి చెవి పెట్టినట్టుంది.

పొద్దుగూకే వేళకు పెట్రోమాక్సు లైట్లు వెలిగించారు. పాళెమంతా ఒడ్డుకొచ్చింది. అక్కను అలల దగ్గర పీట మీద కూర్చోబెట్టారు. నుదుట పెద్ద బొట్టు, తల నిండా పూలు, చేతుల నిండా ఆకుపచ్చ గాజులు. తియ్యబోయేముందు అట్లా నింపుతారు. జయరామయ్య తెల్ల పంచె కట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నడుముకు చాకు వేలాడుతోంది. మావాళ్ళలో మగవాడి నడుము మీద చాకు ఉండటం మామూలే. ఆ రోజు మాత్రం నాకు దాని మీదే చూపు పోయింది.

"కానీండి. ఆ పిల్లి కూతేదో కూయించండి" అన్నాడు.

హెబ్రోను చాప మీద కూర్చుని గిటారు ఒళ్ళో పెట్టుకున్నాడు. బావ వల బాగుచేసుకుంటూ తీసే కూనిరాగమే ఎత్తుకున్నాడు.

పిల్లి కూత అన్నవాళ్ళ నోళ్ళు మూతబడ్డాయి. ఆ శబ్దం పందిరి దాటి, అలలు దాటి, నీళ్ళ మీద జారుతూ పోయింది. ముసలివాళ్ళు లేచి నిలబడ్డారు. పసిబిడ్డలు ఏడుపు ఆపారు. అక్క మాత్రం కదల్లేదు. ఆమె చూపు నీళ్ళ మీదే ఉంది. ఎవరూ రాలేదు. నల్లటి నీళ్ళు, తెల్లటి నురగ, అంతే. పాట అయిపోయింది. హెబ్రోను గిటారును ఒళ్ళోంచి తీసి చాప మీద పెట్టి, చేతులు తీసేశాడు.

"అయింది గదా" అన్నాడు జయరామయ్య. "మాట ప్రకారం తీయండిక."

ఇద్దరు ఆడవాళ్ళు అక్క చేతులు పట్టుకున్నారు.

హారన్లో ఆఖరి తీగ ఇంకా మోగుతూనే ఉంది.

తీగ శబ్దం తగ్గుతూ పోయి ఆగాలి. ఇది తగ్గడం లేదు. హారన్ శబ్దానికి తీగలు ఊగి, ఆ ఊపు మళ్ళీ హారన్లోకి పోతోందేమో అనుకున్నాను. అది మా పనిలో మామూలే. వాల్యూము సగానికి తిప్పాను. శబ్దం సగం కాలేదు. పూర్తిగా తిప్పేశాను... తగ్గలేదు.

"తీగల మీద చెయ్యి పెట్టు" అన్నాను హెబ్రోనుతో.

వాడు అరచెయ్యి పరిచి అదిమి పట్టాడు. నా వైపు చూశాడు.

"మాలకొండన్నా... తీగలు కదలడంలా."

గిటారు తీగను పెట్టెలో నుంచి పీకేశాను. చేతిలో ఊడొచ్చింది. ఇక ఆ పెట్టెకు వినడానికి ఏమీ లేదు.

మోత ఆగలేదు. మారింది.

నీళ్ళు... చెక్కకు నీళ్ళు తగులుతున్న చప్పుడు. పడవ పక్కకు ఒరిగినప్పుడు అడుగు చెక్క మూలుగుతుందే, ఆ మూలుగు. ఒడ్డున ఉన్నవాళ్ళంతా ఆ చప్పుడు మధ్య పుట్టినవాళ్ళే. ఎవరూ ఎవరినీ ఏమిటని అడగలేదు. హారన్లో నుంచి వాసన రాదు. నాకు ఆ సంగతి తెలుసు. అయినా ఆ వాసం కింద నిలబడిన నాకు లోతు నీళ్ళ వాసన కొట్టింది. బురద, పాచి... ఇంకేదో తియ్యగా కుళ్ళింది.

తర్వాత ఊపిరి.

నీళ్ళు మింగుతూ, కక్కుతూ, మళ్ళీ పీల్చుతున్న మనిషి ఊపిరి. అక్క పీట మీద నుంచి లేచింది. ఆమెను పట్టుకున్న ఆడవాళ్ళ చేతులు వాటంతటవే వదిలేశాయి.

"అన్నా..." అంది హారన్. "జయరామన్నా... కాలికి తాడు చుట్టుకుండాది..."

బావ గొంతు. పాళెంలో పసిబిడ్డక్కూడా తెలిసిన గొంతు.

"లాగన్నా... కొయ్యబాక... తాడు కొయ్యబాక..."

అందరూ జయరామయ్య వైపు తిరిగారు. ఆయన నోరు బిగించి నిలబడ్డాడు. పెదాలు కదల్లేదు. నేను చూస్తూనే ఉన్నాను, కదల్లేదు. కానీ హారన్లో ఆయన గొంతు పలికింది.

"పడవ పోతదిరా... నన్ను తిట్టుకోబాక."

పీచు తాడు మీద చాకు ఆడిస్తే వచ్చే చప్పుడు మీరు విని ఉండరు. మేము రోజూ వింటాము. పరపర... పరపర... అదే వచ్చింది. చాలాసేపు వచ్చింది. తడిసిన తాడు తొందరగా తెగదు.

"ఆపరా" అన్నాడు జయరామయ్య. గట్టిగా కూడా అనలేదు. "సెట్టు ఆపు."

బ్యాటరీ తీగలు పీకేశాను. ఆయన చెప్పాడని కాదు, నాకు తెలుసుకోవాలని ఉండి పీకాను. వాల్వులో ఎర్రటి వెలుగు చల్లారింది. పరపర ఆగలేదు. సెట్టుకు ఇక మిగిలింది ఒకే ఒక తీగ... ఇసక మీదుగా, లంగరు దాకా పోయిన రాగితీగ.

జయరామయ్యకూ అది అర్థమైంది. చాకు తీసి అటు నడిచాడు.

"కొయ్యి కాపూ" అన్నాను. "అలవాటైన పనే గదా. మా అందరి ముందూ కొయ్యి."

ఆయన లంగరు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని తీగ కోశాడు.

నిశ్శబ్దం.

అల కూడా విరగలేదు. ఆ నిశ్శబ్దంలో హారన్ ఇంకొక్కసారి పలికింది. ఈసారి బావ కాదు, జయరామయ్యా కాదు. ఎవరో బాగా ముసలివాడు. గొంతు గరగరమంటోంది. "స" అన్నప్పుడల్లా పళ్ళ సందు నుంచి సన్నటి ఈల వస్తోంది.

"అక్కా... గాజులు తీసేయబాక. వాళ్ళు చెప్పినారని తీసేయబాక."

అంతే. ఆ తర్వాత ఏమీ లేదు.

అక్క నా వైపు చూసింది. నేను కాదన్నట్టు తల ఊపాను. పాళెంలో ఉన్న ముసలివాళ్ళందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఆ గొంతు ఎవరిదో ఒక్కరికీ తెలియలేదు.

అక్క పీట పక్కకు తన్ని, అలల అంచున పెట్రోమాక్సు వెలుగులో నిలబడింది. రెండు చేతులూ పైకెత్తింది. గాజులు గలగలమన్నాయి.

"ఆయన పోయినాడని తెలిసింది" అంది. "ఏడుస్తాను. బతికినన్నాళ్ళూ ఏడుస్తాను. పోగొట్టినోడు చెప్పినాడని మటుకు వీటిని తియ్యను. వెలి వేస్తారా? వెయ్యండి. చాటు కామాక్షయ్యా, గట్టిగా చాటు."

కామాక్షయ్య చాటలేదు. భుజం మీద కండువా తీసి ఇసకలో పారేసి ఇంటికి పోయాడు. ఒక్కొక్కరే ఆయన వెనక పోయారు. జయరామయ్య మాత్రం లంగరు పక్కన మోకాళ్ళ మీద అట్లాగే ఉన్నాడు. ఎవరూ రమ్మనలేదు. నేను కూడా పిలవలేదు. ఆ మాట చెప్పడానికి నాకేమీ సిగ్గు లేదు.

తెల్లారి ముసురు వదిలింది. జయరామయ్య ఇల్లు చేరలేదు. లంగరు కూడా లేదు. అది పడున్న చోటు నుంచి నీళ్ళలోకి లోతుగా గాడి పడింది. గాడి పక్కన ఒకే ఒక్క మనిషి అడుగులున్నాయి. మడమలు ముందు దిగబడి, వేళ్ళు పైకి లేచిన అడుగులు. లాగేవాడి అడుగులు అట్లా ఉండవు. లాక్కుపోబడుతూ కాళ్ళు తన్నిపట్టినవాడి అడుగులు అట్లా ఉంటాయి. ఆ అడుగులు చూసి మావాళ్ళు ఆ రోజు ఏ పడవా నీళ్ళలో దించలేదు.

అక్క ఆ పాళెంలోనే బతికింది. గంప నెత్తిన పెట్టుకుని, చేతుల నిండా గాజులతో, అల్లూరు బజారులో నడిచొచ్చేది. ఒకడు వెనక నుంచి ఏదో అంటే గంప దించి వాడి ఇంటిదాకా పోయి అడిగొచ్చింది. ఆమె పోయి చాన్నాళ్ళయింది. గాజులతోనే సాగనంపాము. తియ్యమని ఎవడూ నోరెత్తలేదు.

ఆ రేకుపెట్టె ఇప్పటికీ నా మంచం కింద ఉంది. అందులో వాల్వు ఎప్పుడో తీసేశాను. హెబ్రోను బతికున్నన్నాళ్ళూ దాన్ని సముద్రంలో పారెయ్యమని పోరుపెట్టాడు. పారెయ్యను. ఒక బలంలేని గొంతు మీద బరువు పెట్టకుండా విన్నది అదొక్కటే. అది చేసిన తప్పేముంది? ఆ రోజు మళ్ళీ వస్తే ఆ తీగను ఆ లంగరుకే కడతాను.

నిరుడు మెట్ల మీద జారిపడ్డాను. ముందు పన్ను ఊడిపోయింది. మొన్న మా మనవరాలు సెల్‌ఫోను నా ముఖం ముందు పెట్టి, "తాతా, మీ పాతకాలం సెట్టు గురించి ఏదన్నా చెప్పు" అంది. చెప్పాను. ఆమె దాన్ని తిరిగి వినిపించింది. గరగరమనే ముసలి గొంతు. "స" అన్నప్పుడల్లా సన్నటి ఈల.

"ఇదెవురిదమ్మా?" అన్నాను.

"నీదే తాతా" అని నవ్వింది.

ఆ గొంతు నేను అంతకుముందు ఒక్కసారే విన్నాను. అది విన్నప్పుడు నా నోట్లో పళ్ళన్నీ గట్టిగా ఉన్నాయి.

ఆ రోజు హారన్ పలికిన మాట నేను ఇంతవరకూ అక్కను పిలిచి అనలేదు. అక్క బతికుండగా అనాల్సిన అవసరం రాలేదు. అంటే అది ఇంకా నాలోనే ఉంది. ఎక్కడ నిలబడి అనాలో, ఏ తీగ పట్టుకుని అనాలో నాకు తెలియదు. నీళ్ళ కిందికి పోయిన కాపు భయపెడదామని చూస్తున్నాడేమో, నేను భయపడను. వేళ వస్తే అంటాను. నా అక్కకు చెప్పే మాట ఆపడానికి ఒడ్డు మీద దురాయి చాలలేదు, నీళ్ళ కింద దురాయి మాత్రం చాలుతుందా?

ఒక్కటే అర్థం కావడం లేదు. ఈ మధ్య పొద్దున్నే లేచేసరికి నోట్లో ఉప్పునీళ్ళ రుచి ఉంటోంది. నిన్న దుప్పటి తీసి చూస్తే, కుడి చీలమండ చుట్టూ తడిసిన తాడు ఒరిపిడి ఎర్రగా పడుంది.